అడవిపిల్లి తూటా

ఆంగ్ల నిఘంటువులో ‘వైల్డ్‌క్యాట్’ అనే మాటకు మొదట కనిపించే అర్థం అడవిపిల్లి. అంతటితో తృప్తిపడి నిఘంటువు మూసివేసిన అనువాదకుడు అమెరికన్ వేటగాళ్ళ రచనలను తెనిగించబూనితే మొదటి పుటలోనే చిక్కున పడతాడు. ‘అతడు భుజాన వేసుకొన్నది వైల్డ్‌క్యాట్ రైఫిలు’ అన్న వాక్యం అతని చేతిలో ‘అడవిపిల్లులను కాల్చే తుపాకి’గా మారిపోతుంది. నిజానికి ఆ వేటగాడు బయలుదేరినది దుప్పి కోసం. అడవిపిల్లి ఆ కథలో ఎక్కడా లేదు.

అమెరికాలో ఈ మాటకు పిల్లితో నిమిత్తం లేని మరొక జీవితం ఉన్నది. 19వ శతాబ్దంలో, అంతర్యుద్ధానికి ముందు, తాము అచ్చువేసిన నోట్లకు సరిపడే వెండి బంగారాలు పెట్టెలో లేకుండానే వ్యాపారం సాగించిన బ్యాంకులను వైల్డ్‌క్యాట్ బ్యాంకులన్నారు. చమురు ఉన్నదని ఎవరూ రుజువు చేయని చోట తెగించి తవ్వే బావి వైల్డ్‌క్యాట్ బావి. సంఘం నాయకత్వం అనుమతి లేకుండా కార్మికులు చేసే సమ్మె వైల్డ్‌క్యాట్ సమ్మె. వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒక్కటే: వెనుక నిలబడి పూచీపడే వారెవరూ లేకపోవడం.

తుపాకుల విషయంలోనూ అంతే. ఏ కర్మాగారమూ తయారుచేయని, ఏ దుకాణంలోనూ దొరకని, ఒక వ్యక్తి తన ఊహతో, తన చేతులతో రూపొందించుకొన్న తూటాకు వైల్డ్‌క్యాట్ అని పేరు. ఆ తూటాకు తగినట్లు ప్రత్యేకంగా చేయించుకొన్న తుపాకి వైల్డ్‌క్యాట్ రైఫిలు. బజారులో వందరకాల తూటాలు దొరుకుతూండగా ఈ శ్రమ ఎందుకని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం చెప్పే ముందు అసలు తూటా అంటే ఏమిటో కొంచెం విప్పిచూడాలి.

మన భాషలో ‘తూటా’ అన్న మాటను రెండు వస్తువులకు వాడుతున్నాము. ‘తూటా తగిలి మరణించాడు’ అని పత్రికలు వ్రాసినప్పుడు అది గుండు. ‘తుపాకిలో తూటా పెట్టాడు’ అన్నప్పుడు అది గుండూ మందూ అన్నీ కలిసిన వస్తువు. ఇక్కడ తూటా అంటే రెండవదే. దానిలో నాలుగు భాగాలు. ఒకటి ఇత్తడి తొడుగు. దాని అడుగున అమర్చిన, సూది దెబ్బకు భగ్గుమనే చిన్న లోహపు గిన్నె ప్రైమరు. తొడుగు లోపల పొగ రాని మందు. పైన, మూతిలో బిగించిన గుండు. తొడుగు భాగాలకు ఆంగ్లంలో శరీరం, భుజం, మెడ, మూతి అని పేర్లు. కుండకు మెడ, మూతి, కడుపు ఉన్నాయనుకొనే మనకు ఇది వింత కాదు. వింతల్లా ఒక్కటే, అడుగు భాగాన్ని వారు ‘తల’ అంటారు. తలకిందుల ప్రాణి అన్నమాట.

వైల్డ్‌క్యాట్ శిల్పి తలను ముట్టుకోడు. అప్పటికే వాడుకలో ఉన్న ఒక తొడుగు తీసుకొని, దాని మెడను సన్నగా నొక్కి చిన్న గుండు పట్టేటట్లు చేస్తాడు. లేదా వెడల్పు చేసి పెద్ద గుండు పెడతాడు. లేదా భుజాన్ని ముందుకు జరిపి మరికొంచెం మందుకు చోటు కల్పిస్తాడు. అమెరికన్ సైన్యం 1906లో స్వీకరించిన తూటా ఒకటి ఉన్నది. గొట్టం వ్యాసం అంగుళంలో నూటికి ముప్పై వంతులు, సంవత్సరం 1906, కనుక దాని పేరు .30-06, ‘థర్టీ నాట్ సిక్స్’. మన పోలీసుల చేతిలో దశాబ్దాలపాటు కనిపించిన ‘త్రీ నాట్ త్రీ’తో దీనిని పోల్చి పొరబడరాదు. అక్కడ అంకెలన్నీ కొలతే, వెయ్యింట మూడువందల మూడు వంతుల అంగుళం. ఇక్కడ చివరి రెండంకెలు కాలెండరు. ఇలాంటివి అనువాదకుల పాలిటి గోతులు.

ఆ .30-06 తొడుగే అమెరికాలో అత్యధిక సంఖ్యలో వైల్డ్‌క్యాట్‌లకు తల్లి అయినది. మిషిగన్ రాష్ట్రంలోని డొవాజాక్ పట్టణానికి చెందిన ఎ. ఓ. నీడ్నర్ అనే పేరుగాంచిన పనివాడు 1920 ప్రాంతంలో దాని మెడను నొక్కి, పావు అంగుళం గుండు పెట్టి, .25-06 అనే తూటా తయారుచేశాడు. ఊహ బాగున్నది. కాని అంత పెద్ద తొడుగులో, అంత సన్నని గొట్టం వెనుక, మందు నెమ్మదిగా కాలాలి. అప్పటి మందులు త్వరగా కాలిపోయేవి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల నుండి మిగిలిన నెమ్మది మందును బ్రూస్ హాడ్జిడన్ అనే వర్తకుడు సైన్యం వద్ద కొని చవకగా అమ్మినప్పుడు గాని నీడ్నర్ ఊహకు తగిన ఆహారం దొరకలేదు. రెమింగ్టన్ కంపెనీ 1969లో దానిని తన జాబితాలో చేర్చుకొన్నది. అప్పటికి దాదాపు అర్ధశతాబ్దం గడచింది. ఆ ఏభై ఏండ్లూ ఆ తూటా కావాలన్న ప్రతివాడూ తన ఇంటి బల్లపై తానే తయారుచేసుకొన్నాడు.

ఇక తుపాకి కట్టడం సంగతి. ఇది ఒక్క చేతి పని కాదు. సాధారణంగా పాత సైనిక మౌజర్ తుపాకి నుండి బోల్టు, దానిని ఇముడ్చుకొనే ఉక్కు పెట్టె తీసుకొంటారు. కొత్త గొట్టం తెప్పించి, లేతు మీద మరలు కోసి, ఆ పెట్టెకు బిగిస్తారు. అటు తరువాతదే అసలు పని. గొట్టం వెనుక కొసన తూటా కూర్చునే గది తొలచాలి. దీనికి వాడే పనిముట్టు రీమరు. తూటా ఆకారంలోనే ఉండి చుట్టూ పదునైన అంచులు గల ఉక్కు కడ్డీ. కొత్త తూటాకు కొత్త రీమరు కావాలి. నూనె పోస్తూ, కొద్దికొద్దిగా తొలుస్తూ, ప్రతిసారీ బయటకు తీసి ఉక్కుపొడి తుడుస్తూ, మళ్ళీ లోపలికి పంపుతూ సాగే పని. తూటా గదిలో కూర్చున్న తరువాత దాని తలకూ బోల్టు ముఖానికీ మధ్య మిగిలే ఎడమే ప్రాణవాయువు వంటిది. ఎక్కువైతే తొడుగు నడుము తెగి, మండుతున్న వాయువు కాల్చేవాని ముఖం వైపు వస్తుంది. తక్కువైతే బోల్టు మూయబడదు. దీనికి రెండు ఉక్కు కొలబద్దలుంటాయి. ఒకదానిపై బోల్టు మూయబడాలి. రెండవదానిపై మూయబడకూడదు. రెండింటికీ తేడా అంగుళంలో వెయ్యింట కొన్ని వంతులు. తలవెంట్రుకలు ఒకటి రెండు అడ్డం పెట్టినంత.

కర్రపని వేరే కథ. వాల్‌నట్ కర్ర వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొంటుంది. ఆ ఉబ్బిన కర్ర గొట్టాన్ని ఒకవైపు నొక్కితే గుండు గురి తప్పుతుంది. అందుచేత గొట్టానికీ కర్రకూ మధ్య ఒక కాగితం ముక్క అడ్డులేకుండా జారేటట్లు చెక్కేవారు అనేకులు. చూడడానికి అది లోపంలా కనిపిస్తుంది. నిజానికి పనితనం.

తొడుగు తయారీలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది మరొక పద్ధతి. పి. ఓ. ఆక్లీ (1903–1989) అనే ప్రసిద్ధ తుపాకి శిల్పి, కొలరాడో రాష్ట్రం ట్రినిడాడ్ కళాశాలలో ఈ విద్యకు ఉపాధ్యాయుడు కూడ, పాత తూటాల శరీరపు వాలును తగ్గించి నిటారు చేసి, భుజాన్ని 40 డిగ్రీల కోణంలో నిలబెట్టి, ‘సంస్కరించిన’ తూటాలు అనేకం చేశాడు. రెమింగ్టన్ వారి .280 తూటా (1957) తరువాత ఆ విధంగా సంస్కరించబడి ఆక్లీ పేరు మోసినది. దాని కోసం సరిగా తొలచిన తుపాకిలో బజారులో దొరికే మామూలు .280 తూటానే పెట్టి పేలుస్తారు. గుండు గురిచూసిన చోటికి పోతుంది. బయటకు వచ్చే ఖాళీ తొడుగు మాత్రం లోపలికి పోయిన తొడుగు కాదు. మంట ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి, గది గోడలకు అంటుకొని, కొత్త భుజం, కొత్త శరీరం ధరించి వస్తుంది. చివరి అచ్చు తుపాకియే. ఇత్తడికి ఈ గుణం ఉన్నందువల్లనే, అంటే ఒత్తిడికి సాగి గోడను మూసి, ఒత్తిడి తగ్గగానే ఇంచుక ముడుచుకొని ఊడి వచ్చే గుణం ఉన్నందువల్లనే, శతాబ్దానికి పైగా తొడుగులకు దానిని మించిన లోహం దొరకలేదు. అయితే పలుమార్లు నొక్కి, సాగదీసిన ఇత్తడి పెళుసెక్కుతుంది, మెడ చీలుతుంది. దానిని కాచి మళ్ళీ మెత్తబరచాలి. మన కంచరివారికి చెప్పనవసరం లేని విద్య.

తొడుగు సిద్ధమైనది. ఇక అందులో ఎంత మందు, ఏ మందు, ఏ గుండు అన్నది ప్రశ్న. చేతితో కూర్చిన తూటాను ఆంగ్లంలో ‘హ్యాండ్‌లోడ్’ అంటారు. దీనికి నేను ‘చేతికూర్పు’ అని వాడుతూ ఉంటాను. పుస్తకాన్ని కూర్చడానికీ, గొట్టంలో మందు కూరడానికీ మాట దగ్గరగా ఉన్నందుకు ఎవరైనా నవ్వితే నాకు అభ్యంతరం లేదు. తూటాలు పుట్టకముందు అన్ని తుపాకులూ చేతికూర్పులే కదా.

మందును ‘గ్రెయిన్’లలో తూస్తారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురిగింజ ఎత్తులో ఒక గ్రెయిన్ సుమారు సగం. చేతికూర్పు చేసేవాని త్రాసు గ్రెయిన్‌లో పదవ వంతును పట్టుకోవాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, .30-06 తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడికి అమెరికన్ పరిశ్రమ విధించుకొన్న హద్దు చదరపు అంగుళానికి 60,000 పౌన్లు. మోటారుకారు చక్రంలో గాలి ఒత్తిడి సుమారు 30 పౌన్లు. అంటే కారు చక్రానికి రెండువేల రెట్లు. అది చెంపకు జానెడు దూరంలో. పైగా మందు పెరిగిన నిష్పత్తిలో ఒత్తిడి పెరగదు. హద్దు దగ్గరపడిన కొద్దీ అంతకంటె వేగంగా పెరుగుతుంది.

ప్రసిద్ధమైన తూటాలకు ఈ లెక్కలు పుస్తకాలలో ఉంటాయి. ఒత్తిడి కొలిచే యంత్రాలు గల ప్రయోగశాలలు వాటిని పరీక్షించి ప్రకటిస్తాయి. కొత్తగా పుట్టిన వైల్డ్‌క్యాట్‌కు అటువంటి పుస్తకం లేదు. ఇంగ్లండులో లండన్, బర్మింగ్‌హామ్ నగరాల పరీక్షాశాలలు ప్రతి కొత్త తుపాకినీ మామూలుకన్న బలమైన తూటాతో కాల్చి, నిలిచినదానిపై ముద్ర వేస్తాయి, ఇది చట్టం. అమెరికాలో అటువంటి ప్రభుత్వ పరీక్ష లేదు. 1926లో ఏర్పడిన తయారీదారుల సంఘం నిర్ణయించే కొలతలను కంపెనీలు పాటిస్తాయి, అంతే. కంపెనీయే లేని తూటాకు ఆ రక్షణ కూడ లేదు. ముద్ర వేసేవాడు, కొలిచేవాడు, నష్టపోయేవాడు ఒక్కడే.

కనుక అతడు ఏమి చేస్తాడంటే, తల్లి తూటా లెక్కలు చూసి, వాటికంటె బాగా తక్కువ మందుతో మొదలుపెడతాడు. కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి మెట్టుకూ కొన్ని తూటాలు కాల్చి, ఖాళీ తొడుగులను భూతద్దంతో చూస్తాడు. ప్రైమరు గుండ్రని అంచు అణగి పోయిందా? బోల్టు తెరవడానికి చేయి బిగువుగా ఉన్నదా? తొడుగు తల వ్యాసం పెరిగిందా? తలపై బోల్టు రంధ్రపు గుర్తు మెరుస్తున్నదా? వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆగి, వెనక్కు తగ్గాలి. చిక్కేమంటే ఈ గుర్తులు కనిపించేసరికే హద్దు దాటిపోయి ఉండవచ్చు. ప్రైమరు ముఖం నిజాయితీగల సాక్షి కాదు. ఒక తయారీ ప్రైమరు మెత్తన, మరొకటి గట్టి. అందువల్ల అనుభవజ్ఞులు తూటా ఎంత బలంగా పోతుందన్నది కాక, ఎంత నిలకడగా పోతుందన్నది చూసి, ఇంకా పెంచడానికి వీలున్నా ఆగిపోతారు. ఈ నిగ్రహమే ఈ విద్యలో కష్టమైన భాగం. మిగిలినదంతా పనిముట్లతో జరిగిపోతుంది.

వేడిమి సంగతి కూడ చెప్పాలి. శీతకాలం ఉదయాన క్షేమంగా పేలిన కూర్పు నడివేసవిలో హద్దు దాటవచ్చు. ఎండకు మందు మరింత వేగంగా కాలుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం సామెత చెప్పుకొంటాము. బ్రిటిష్ తుపాకి కంపెనీలకు ఈ సామెత తెలియకపోయినా సంగతి తెలుసును. హిందూదేశానికీ ఆఫ్రికాకూ పంపే తూటాలలో కార్డైట్ మందు తగ్గించి, వాటికి ‘ఉష్ణమండలపు కూర్పు’ అని వేరే పేరు పెట్టేవారు. ఇంటి బల్లపై పనిచేసేవాడు ఈ తేడాను తన నోటుపుస్తకంలోనే వ్రాసుకోవాలి: తేదీ, ఎండ, మందు డబ్బాపై గల సంఖ్య, తొడుగు ఎన్నవసారి వాడినది, గుండ్లు పడిన చోట్ల మధ్య ఎడము. మందు డబ్బా మారితే, పేరు అదే అయినా, మళ్ళీ కిందినుండి రావాలి.

నోటుపుస్తకంలో వేగం అనే గడి ఒకటి ఉంటుంది. చాలాకాలం అబద్ధాలకు ఆలవాలమైనది ఆ గడియే. 1930, 40లలో ఇంటిలో వేగం కొలిచే సాధనం సామాన్యులకు లేదు. గుండు ఎంత కింద పడిందో చూసి, ఎంత పెద్ద శబ్దం చేసిందో విని, సెకనుకు ఇన్ని వేల అడుగులని ప్రకటించుకొన్నారు. తన బిడ్డ గురించి ఏ తల్లి తక్కువ చెబుతుంది? వేగం కొలిచే ఎలక్ట్రానిక్ సాధనాలు సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన తరువాత ఎన్నో ప్రఖ్యాత వైల్డ్‌క్యాట్‌ల కీర్తి సన్నగిల్లింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. గుండు వేగాన్ని మొట్టమొదట శాస్త్రీయంగా కొలిచే పద్ధతి చూపినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయ గణితవేత్త. వేలాడదీసిన బరువైన దిమ్మెపై గుండును పేల్చి, అది ఎంత ఊగిందో కొలిచి వేగాన్ని లెక్కగట్టాడు. 1742లో ఆ గ్రంథం ప్రకటించాడు. తరువాత ఈస్టిండియా కంపెనీ అతనిని తన కోటలను తీర్చిదిద్దే ఇంజనీరుగా మన దేశానికి పంపింది. జ్వరం వచ్చి 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు. ప్రపంచంలోని ప్రతి వేగమాపకానికీ మూలపురుషుడు తమిళదేశపు తీరాన కన్నుమూశాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో కనిపించదు.

కొలత వచ్చిన తరువాత తేలిన సత్యం నిరుత్సాహం కలిగించేదే. తొడుగులో చోటు నూటికి పది వంతులు పెంచితే, ఒత్తిడి హద్దు దాటనంతవరకు, వేగం పెరిగేది నూటికి రెండున్నర వంతులే. నాలుగింట ఒక వంతు అన్నది అనుభవజ్ఞుల మోటు సూత్రం. సెకనుకు 2,800 అడుగులు పోయే గుండు అంత శ్రమకూ 2,870 అడుగులు పోతుంది. నాలుగువందల గజాలు పోవడానికి ఆ గుండుకు దాదాపు అర సెకను పడుతుంది. కొత్త తూటాతో మిగిలేది సెకనులో నూరవ వంతు చిల్లర. ఆ అర సెకనులో జింక ఒక అడుగు వేస్తే గుండెకు తగలవలసిన గుండు కడుపుకు తగులుతుంది. వేగపు అంకెను నమ్మి దూరం నుండి కాల్చేవానికంటె పది అడుగులు ముందుకు పాకి కాల్చేవాడు మేలైన వేటగాడని నా అభిప్రాయం. తుపాకి పట్టని నా అభిప్రాయానికి ఎంత విలువ ఇవ్వాలో పాఠకులే నిర్ణయించవచ్చు. ఆక్లీకి మాత్రం విలువ ఇవ్వక తప్పదు. 1962లోనూ 1966లోనూ వెలువడిన తన రెండు సంపుటాల గ్రంథంలో ఆయన వందలాది వైల్డ్‌క్యాట్‌లను పేర్కొంటూ, తాను పుట్టించిన వాటితో సహా, అనేకం అనవసరమని దాపరికం లేకుండా చెప్పాడు. పాత సైనిక తుపాకులను మందు పెంచుతూ పగిలేదాకా కాల్చి చూశాడు. యుద్ధకాలంలో అమెరికన్లు నాసిరకమని ఎగతాళి చేసిన జపాను వారి అరిసాకా తుపాకి ఆ పరీక్షలో అందరికంటె గట్టిగా నిలబడిందని ప్రకటించాడు.

అంత గంభీరుడూ ఒకసారి పరిహాసమాడాడు. 1960లలో ఒక పత్రికా రచయిత కోరికపై, ఏనుగులను కొట్టే తూటా వంటి బ్రహ్మాండమైన తొడుగు మెడను చిటికెన వేలికన్న సన్నగా నొక్కి, .22 గుండు పెట్టాడు. సెకనుకు 5,000 అడుగుల వేగం దాటడమే దాని ఏకైక ధ్యేయం. దాటలేదు, 4,600 దగ్గర ఆగింది. దాని పేరు ‘ఇయర్‌గెస్ప్లిటెన్ లౌడెన్‌బూమర్’. ఇది జర్మనుభాష వేషం కట్టిన ఆంగ్లం. చెవులు చీల్చే పెనుమోత అని భావం. దీనిని ఎలా తెనిగించాలి? జర్మనుకు బదులు సంస్కృతం వేషం కట్టిస్తే ‘కర్ణవిదారక ఢమఢమాస్త్రం’ అనవచ్చు. అంతకంటె మంచిది తోచినవారు వ్రాయగలరు.

ఇన్ని అనవసరపు వాటి మధ్య నిలిచినవీ ఉన్నాయి. సావేజ్ కంపెనీ వారి .250 తూటా నుండి 1930లలో పలువురు పలు విధాల చేసుకొన్న వైల్డ్‌క్యాట్ .22-250ను, దానికి కర్మాగారపు తూటా ఒక్కటీ లేని రోజులలోనే, 1963లో బ్రౌనింగ్ కంపెనీ తన రైఫిళ్ళలో చేర్చింది. రెండేండ్లకు రెమింగ్టన్ తూటాలు తయారుచేసింది. నెడ్ రాబర్ట్స్ తయారుచేసిన పావు అంగుళం తూటా 1934లో .257 రాబర్ట్స్ అయింది. ఈ చివరిదానికి తల్లి 7 మిల్లీమీటర్ల మౌజర్. ఆ మౌజర్‌నే లండన్‌లోని రిగ్బీ కంపెనీ .275 అని పేరు మార్చి అమ్మింది. 1907లో చంపావత్ నరభక్షక ఆడపులిని వధించినందుకు జిమ్ కార్బెట్‌కు బహూకరించిన తుపాకి ఆ .275 రిగ్బీ. కుమావూ కథలు చదివిన మన పాఠకులకు ఆ తుపాకి పాత నేస్తమే. రాబర్ట్స్ తూటా దానికి అమెరికాలో పుట్టిన బిడ్డ.

మన దేశంలో తూటాల పేర్లు మార్చినది అభిరుచి కాదు, చట్టం. మార్టినీ-హెన్రీ తుపాకుల తూటాలు తిరుగుబాటుదారుల చేతికి అందకూడదని బ్రిటిష్ ప్రభుత్వం 1907లో ఇక్కడ .450 కొలతను నిషేధించింది. హాలండ్ అండ్ హాలండ్ వారు వెంటనే .500 తొడుగు మెడను నొక్కి .465 చేశారు. నొక్కినది లండన్ కంపెనీ కనుక దానిని వైల్డ్‌క్యాట్ అనలేదు. సైనిక కొలతలను పౌరులకు దూరంగా ఉంచే ఆ పద్ధతి స్వాతంత్ర్యం తరువాతా కొనసాగింది. అందుకే త్రీ నాట్ త్రీకి దగ్గరి చుట్టమైన తుపాకిని ఇషాపూర్ కర్మాగారం పాత ఆస్ట్రియా తూటాకు మలచి, .315 పేరుతో పౌరులకు అమ్మింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకే లైసెన్సు కావాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట అన్నది ఇక్కడ గత చరిత్ర. వైల్డ్‌క్యాట్ కట్టాలన్న కోరిక ఈ గడ్డపై చట్టవిరుద్ధం, చదువుకొని ఆనందించవలసినదే.

అక్కడ సైతం దీనికి ఒక విషాదం ఉన్నది. కట్టినవాడు మరణిస్తాడు. తుపాకి కొడుకు చేతికో, వేలంపాటకో పోతుంది. గొట్టంపై కొట్టిన నాలుగు అక్షరాలు తప్ప దాని గురించి చెప్పేవారుండరు. డబ్బాలో మిగిలిన తూటాల తలపై ఉన్నది తల్లి తొడుగు పేరు, లోపలిది వేరు. ఆ పేరు నమ్మి వాటిని మరొక తుపాకిలో పెట్టినవాడు ప్రమాదం కొనితెచ్చుకొంటాడు. నోటుపుస్తకం పోతే తుపాకి మూగది. తెలిసినవారు కరిగించిన గంధకాన్ని గదిలో పోసి, గట్టిపడిన అచ్చును తీసి కొలిచి, అది ఏ తూటాకు పుట్టిందో కనిపెడతారు. లిపి తెలియని శాసనాన్ని చదవడం వంటి పని.

.280 ఆక్లీ తూటాకు 2007లో నోస్లర్ కంపెనీ చొరవతో పరిశ్రమ ఆమోదం లభించింది. ఆక్లీ మరణించి అప్పటికి పద్ధెనిమిదేండ్లు. ఇప్పుడది దుకాణంలో అట్టపెట్టెలలో దొరుకుతుంది. కాని ఆ పేరు గల పాత తుపాకి చేతికి వచ్చినవాడు ఆ అట్టపెట్టె విప్పకముందు తూటాగదిని కొలిపించుకోవాలి. 2007కు ముందు ఏ పనివాడు ఏ రీమరుతో దానిని ఎంతవరకు తొలిచాడో గొట్టంపై వ్రాసి ఉండదు.